రత్నమన్న లారీలో డీజిల్ ఎటుపోయింది

చిత్తూరు,
ఫిబ్రవరి నెల

కృపకు,

కోమలి రాసేది. కవరు మీద నా రాత గుర్తుపట్టి చించి పారేస్తావేమోనని భయపడుతూనే రాస్తున్నాను. చించాలనిపిస్తే చించుకో, కానీ ముందు చదువు. క్షేమమా అని అడిగే మొహం నాకు లేదు కాబట్టి అడగడం లేదు.

ఫోను చెయ్యకుండా ఈ కాలంలో ఉత్తరమేమిటి అనుకుంటావు. ఆ రోజు లారీ స్టాండులో గొడవైనాక మా ఆయన ఇంటికొచ్చి దేవుడి గూటి ముందర నా చేత ఒట్టు వేయించాడు. "ఆ రాజారత్నం ఇంటోళ్ళతో నువ్వు మాట్లాడినావంటే నా మింద ఒట్టే" అన్నాడు. ఆ కోపంలో కాదంటే ఇంకేం చేస్తాడోనని వేసేశాను. మాట్లాడనని వేశాను గానీ రాయనని వెయ్యలేదు కదా. ఈ సందు కనిపెట్టడానికి నాకిన్ని రోజులు పట్టింది చూడు, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

కృపా, నా సంగతి నీకు తెలుసు. పక్కింట్లో ఏం కూర వండారో తెలియకపోతేనే నాకు అన్నం సహించదు. అలాంటిది మా సొంత లారీలో డీజిల్ ఎటు పోయిందో తెలియకుండా నేనెలా ఉంటాను? మీ ఆయన రత్నమన్న చెన్నై ట్రిప్పు నుంచి దిగగానే సాయంత్రం బంకులో ట్యాంకు నిండుగా పట్టించేవాడు. తీసుకుపోయి మీ ఇంటి దగ్గర నిలిపేవాడు. తెల్లారి బండి తీసేసరికి మీటరులో డీజిల్ ముల్లు కిందికి దిగి ఉండేది. ట్యాంకు మూతకు తాళం. తాళంచెవి అన్న జేబులో. నేల మీద చూస్తే మడుగూ లేదు, ధారా లేదు. మరి ఎటు పోయినట్టు?

"కాణిపాకం పోదాం రాప్పా. వినాయకుని ముందర తియ్యలేదని ప్రమాణం చెయ్యి, ఈ పొద్దుతో మర్సిపోతా" అని మా ఆయన పదిమందిలో అడిగాడు. ఈ జిల్లాలో ఎంత పెద్ద తగాదా అయినా అక్కడితో తెగిపోతుంది, నీకు తెలియనిది కాదు. రత్నమన్న "నేను ప్రమాణం చెయ్యను" అని ఒక్క మాటన్నాడు. తాళంచెవులు మా ఆయన చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా మీరు నాయుడుపేటకు సామాను ఎత్తేశారు. తీయనివాడైతే ప్రమాణం ఎందుకు చెయ్యడు అని స్టాండంతా ఒకటే మాట. నాకు మాత్రం అది తిరగేసి తోస్తుంది. దొంగతనం చేసినవాడికి దొంగప్రమాణం ఒక లెక్కా? తీసినవాడే అయితే గబగబా పోయి చేసేసి, మరుసటి రోజు లారీ ఎక్కి ఉండేవాడు కదా?

అన్న ఎందుకు చెయ్యనన్నాడో నాకు రాయి. తిట్టాలనుకుంటే అదే ఉత్తరంలో తిట్టు, స్టాంపు మిగులుతుంది.

కోమలి


నాయుడుపేట,
ఫిబ్రవరి నెల

కోమలమ్మగారికి,

మీ ఉత్తరం అందింది. చించలేదు.

ఇక్కడ మా తమ్ముడి ఇంట్లో ముందు గది మాకిచ్చారు. నేను మిషను కుట్టుకుంటున్నాను. ఆయన సంగతి అడగలేదు గానీ నేనే చెబుతున్నాను. మీసం మొలిచినప్పటి నుంచి స్టీరింగు పట్టుకున్న మనిషి ఇప్పుడు ఒక గోడౌను గేటు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంటున్నాడు. లారీ వస్తే గేటు తీస్తాడు, పోతే మూస్తాడు. ఇక్కడ డ్రైవర్లకు కరువే. రమ్మంటారు, టీ ఇప్పిస్తారు, ముందు ఎక్కడ చేశావని అడుగుతారు. చిత్తూరుకు ఎవరికో ఫోను చేస్తారు. మరునాడు పోతే ఎదురుపడి మాట్లాడరు. మీ ఆయన మునిచంద్రన్న స్టాండులో అన్న మాట ఈయనకంటే ముందే ఊళ్ళు తిరుగుతోంది. ఆ మాట పోయేదాకా ఆయనకు ఎవరూ లారీ ఇవ్వరు. ఇదీ మా క్షేమం.

ప్రమాణం సంగతి అడిగారు. కాణిపాకం అని కాదండీ. మా చర్చిలో నిలబెట్టి చెయ్యమన్నా చెయ్యడు. దేవుడి పేరన గానీ, బిడ్డల మీద గానీ, దేని మీదా ఒట్టు వెయ్యకూడదని వాళ్ళ నాయన ఆయనకు చిన్నప్పుడే నేర్పించాడు. పెళ్ళైన కొత్తలో నేను ఆటకు "నా మీద ఒట్టు" అంటే కూడా మూడు పూటలు మొహం ముడుచుకున్నాడు. "నేను సెప్పినాక గూడా ఒట్టు అడిగితే, నా మాటకు యిలువ లేదనే గదా" అంటాడు. ఆ రోజు స్టాండులో కూడా తీయలేదని చెప్పాడు కదా. అది ఎవరి చెవికీ ఎక్కలేదు. అంతే.

మీరు రాసినందుకు సంతోషం. ఇంక రాయకపోయినా ఏమీ అనుకోను.

కృపామణి


చిత్తూరు,
మార్చి నెల

కృపా,

"కోమలమ్మగారు" ఎవరే? "మీరు" ఎవరే? ఆ ఉత్తరం మా అత్తగారికి రాయాల్సింది పొరపాటున నాకు పంపావా? నీకు కోపం ఉంటే నన్ను "ఏమ్మే" అని తిట్టు, పడతాను. ఈ మర్యాద మాత్రం నా వల్ల కాదు.

ఇన్నేళ్ళు ఒకే గట్టు మీద కూర్చుని చింతపండు ఒలిచాం. నీ మొగుడు ఒట్టు వెయ్యడన్న సంగతి నాకు తెలియనే తెలియదు. అడగాలని కూడా తోచలేదు. అందరూ వేస్తారనే అనుకున్నాను. మేము పాలవాడు నీళ్ళు కలిపాడన్నా కాణిపాకం అనేవాళ్ళమే కదా. ఈ సంగతి మా ఆయనకు ఎలాగో చెప్పాను, నీ పేరెత్తకుండా. అంతా విన్నాడు. తర్వాత "అది సరేమ్మే, మరి డీజిలు యాడికి పోయినట్టు?" అన్నాడు. చివరికి అందరం అక్కడికే వచ్చి ఆగుతున్నాం.

ఇప్పుడు ఒకటి రాస్తాను, నొచ్చుకోవద్దు. రాయకుండా దాచితే ముందు ముందు నేనేం రాసినా నమ్మవు. అన్న పోయినాక మునస్వామి నడుపుతున్నాడు. అదే లారీ, అదే చెన్నై, అదే బంకు. ముల్లు ఒక్క గీత కూడా తగ్గడం లేదు. ముల్లును నమ్మకుండా నేను కర్ర దించి కూడా చూశాను. సాయంత్రం ఎంతో పొద్దున్నే అంత. మా ఆయన దీన్నే పట్టుకుని కూర్చున్నాడు. "రత్నం పోయినాడు, లీకు పోయింది, సూడు" అంటాడు.

గొడవకు ముందు లారీని ఒకసారి తిరుపతిలో షోరూముకు కూడా తీసుకుపోయాడులే. వాళ్ళు కిందా పైనా చూసి లీకేమీ లేదన్నారు. ఆ మాట విన్నాకే రత్నమన్న మీద పడ్డాడు. లారీ వారంటీ మే నెలాఖరు దాకా ఉంది. నిజంగా ఏదైనా లోపముంటే కంపెనీవాళ్ళ చేతనే ఒప్పించవచ్చు. ఆ గడువు దాటితే లీకు దొరికినా అది మన బండి పాతబడింది కాబట్టి వచ్చిందంటారు, అన్న మీది మాట అలాగే ఉండిపోతుంది.

ఎలుక కొరికిందా అనుకున్నాను. మీ వీధిలో ఎవరైనా గొట్టం పెట్టి లాగేశారా అనుకున్నాను. మూత తాళానికి ఇంకో తాళంచెవి ఉందేమో అనుకున్నాను. ఒకటీ నిలబడలేదు. మీ ఇంటి దగ్గర లారీ ఉన్న రాత్రుల్లో ఏం జరిగేదో నీకు గుర్తున్నది గుర్తున్నట్టు రాయి. పనికిమాలినదైనా సరే రాయి.

కోమలి


నాయుడుపేట,
మార్చి నెల

ఏమ్మే కోమలక్కా,

తిట్టమన్నావు కదా, తిడుతున్నాను. మునస్వామి వచ్చినాక తగ్గడం లేదు అంటే ఏమిటి అర్థం? నువ్వు మంచి మనసుతోనే రాశావు, నాకు తెలుసు. కానీ చదివినాక ఆ పూట నేను మిషను తొక్కలేకపోయాను. ఆయనకు తెలియకుండా ఉత్తరం బియ్యం డబ్బాలో పెట్టాను. నిజం కావాలని నువ్వు గుచ్చి గుచ్చి అడుగుతావు, ఆ గుచ్చుడు ఇక్కడ మాకు తగులుతుంది.

ఏం గుర్తుంటుంది రాత్రి సంగతి? లారీ నిలిపేవాడు, కాళ్ళు కడుక్కునేవాడు, తినేవాడు, పడుకునేవాడు. ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. ఆ ఇల్లే మాకు అచ్చిరాలేదు అక్కా. వాకిట్లో ఎంత ముద్దుగా పెంచిన బీరతీగ, పూత మీద ఉండగా మొదలంటా మాడిపోయింది. చుట్టూ గడ్డి కూడా మాడింది. ఎవరి కళ్ళో పడ్డాయనుకున్నాను అప్పట్లో.

ఇక్కడ ఆయన ఉండలేకపోతున్నాడు. ప్రతిదానికీ సణుగుడే. నీళ్ళు ఉప్పగా ఉన్నాయంటాడు, గాలి జిడ్డుగా ఉందంటాడు. ఆఖరుకు నేల చదునుగా ఉందని కూడా సణుగుతాడు, వింటే నవ్వొస్తుంది. మా తమ్ముడి స్కూటరు ఇంటి ముందర నిలపాలన్నా, "ఈ ఊర్లో ఒగ పల్లం గూడా లేదే, బండి యాడ నిలిపేది?" అంటాడు. ఆయన నేర్చుకున్న రోజుల్లో లారీలకు పొద్దున్నే సెల్ఫ్ పట్టేది కాదట. పల్లంలో నిలిపితే నలుగురు తొయ్యక్కర్లేకుండా బ్రేకు వదిలితే చాలు, అదే దొర్లి స్టార్ట్ అయ్యేదట. ఆ అలవాటు ఇంక పోలేదు. మీ కొత్త లారీ తాళంచెవి తిప్పితే చాలు పలికేదే, అయినా మా వీధి పల్లం చూసే ఆ ఇల్లు బాడుగకు తీసుకున్నాడు.

పనికిమాలినదైనా రాయమన్నావు, రాశాను. ఇంతకంటే నా దగ్గర లేదు.

కృప


చిత్తూరు,
ఏప్రిల్ మొదట్లో

కృపా, కృపా!

నువ్వు పనికిమాలినదని రాశావు చూడు, దాన్ని నేను నిలబడి మూడుసార్లు చదివాను. పొయ్యి మీద పప్పు అడుగంటింది, పో అనుకున్నాను.

మునస్వామి లారీని ఎక్కడ నిలుపుతాడో తెలుసా? బంకు పక్కన సిమెంటు నేల మీద. పలక పరిచినంత చదును. మా ఆయన నడిపిన రోజుల్లో మా షెడ్డులో నిలిపేవాడు, అదీ చదునే. షోరూములోనూ చదునే. పల్లంలో నిలిపింది ఒక్క రత్నమన్నే! నీకు వెలుగుతోందా? పైగా నీ బీరతీగ. కళ్ళు పడితే తీగ మాడుతుంది సరే, చుట్టూ గడ్డి మీద ఎవరి కళ్ళు పడతాయే?

వెంటనే చెప్పులేసుకుని మీ పాత ఇంటికి పోయాను. ఇంకా ఎవరూ దిగలేదు, తాళం వేసి ఉంది. వాకిట్లో ఇసుకమన్ను కదా, పైన ఏమీ కనిపించలేదు. గరిటె కాడతో జానెడు లోతు గీకి మన్ను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. డీజిలే! వీధిలోవాళ్ళు నాకు పిచ్చి పట్టిందనుకుని ఉంటారు, అనుకోనీ.

మన్ను కాగితంలో పొట్లం కట్టి తెచ్చి మా ఆయనకు చూపించాను. వాసన చూసి పక్కన పెట్టి, "లారీ నిలిసే సోట డీజిలు వాసన రాకుండా మల్లెపూల వాసన వస్తాదామ్మే?" అన్నాడు. తిరుపతికి పోయి మళ్ళీ చూపిద్దామంటే, "లేని లీకు కోసరం ఉండే డీజిలు కాల్సుకోని పోదామా?" అంటాడు. నాకు తెలుసు కృపా, ఆయనకు అనుమానం తగిలింది. లీకు ఉందంటే తాను పదిమందిలో అన్నది తప్పవుతుంది. అందుకే ఉండకూడదని కోరుకుంటున్నాడు. పైకి మాత్రం డీజిలు దండగ అంటాడు.

నాకు ఒక్కటి తెలియాలి. అన్న లారీని మూతి కిందికి పెట్టి నిలిపేవాడా, పైకి పెట్టి నిలిపేవాడా? ఎలాగైనా అడిగి రాయి.

కోమలి


నాయుడుపేట,
ఏప్రిల్ నెల

అక్కా,

అడిగాను. అడగడమే తప్పైపోయింది. "ఇంక నేను బండి నిలిపేది గూడా తప్పేనా? అదీ ఒగ కేసు పెట్టమను" అని కంచం ముందరి నుంచి లేచాడు. బియ్యం డబ్బాలోని ఉత్తరాలు తీసి ఆయన చేతికిచ్చేశాను. కూర్చుని అన్నీ చదివాడు. చదివి, "మూతి కిందికే. రోడ్డు పక్కకు" అన్నాడు.

నీకు ఒక సంగతి చెప్పలేదు. ఇన్ని రోజులూ మునిచంద్రన్న ఒక్కడే తప్పు చేసినట్టు నీకు రాస్తూ వచ్చాను. స్టాండులో గొడవైన రోజు ఆయన ఇంటికొచ్చి జరిగింది చెప్పగానే నేనూ అడిగాను అక్కా. "నాకైనా నిజం చెప్పు, తీసినావా?" అన్నాను. భయంతో అడిగాను, బిడ్డలున్నారు కదా. ఆయన నా మొహం ఒకసారి చూసి, వాకిట్లోకి పోయి కూర్చున్నాడు. అప్పటి నుంచి ఒక ఇంట్లో ఉంటాం, కావాల్సినంతే మాట్లాడుకుంటాం. స్టాండులోవాళ్ళు అడిగింది మరిచిపోతాడేమో గానీ నేను అడిగింది మరిచిపోతాడా?

అందుకే ఈ లీకు నిజమో కాదో నీకంటే నాకే ఎక్కువ తెలియాలి. చూడు అక్కా. ఎట్లైనా చూడు.

కృప


చిత్తూరు,
ఏప్రిల్ నెలాఖరు

కృపా,

దొరికింది.

మొదటి నుంచీ చెబుతాను, గబగబా చదివేసి కిందికి పోవద్దు. ఆదివారం లారీ ఊళ్ళో ఉంది. మునస్వామి చేత ట్యాంకు నిండుగా పట్టించి, మీ పాత ఇంటి దగ్గర అన్న నిలిపినట్టే మూతి కిందికి పెట్టి నిలిపించాను. మా ఆయన రానన్నాడు. తర్వాత చొక్కా తగిలించుకుని తానే వచ్చి మోరీ గట్టు మీద కూర్చున్నాడు, తమాషా చూడ్డానికి వచ్చినట్టు.

ట్యాంకు నల్లగా, దుమ్ము కొట్టుకుని ఉంది. తడి అయినా కనపడదు. ఏం చేద్దామా అని ఆలోచించి, ఇంటికి పోయి ముగ్గుపిండి డబ్బా తెచ్చాను. ట్యాంకంతా ఒక గుడ్డతో తుడిచి, పైనా పక్కలా పలచగా చల్లేశాను. లారీకి ముగ్గు పెడుతున్నానని వీధిలో పిల్లలు ఒకటే నవ్వు. మునస్వామి కూడా నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు.

చాలాసేపు ఏమీ లేదు. ఎండ మండిపోతోంది. "ఇంగ సాలు పామ్మే, జనం సూస్తా ఉండారు" అని మా ఆయన లేచాడు. నాకూ ఏడుపొచ్చేట్టుంది. అప్పుడు చూశాను. ట్యాంకు పైన, ముందు కొసన, ముల్లుకు వైరు పోయే గుండ్రటి మూత ఒకటి ఉంటుంది. దాని చుట్టూ పిండి బూడిదరంగుకు తిరుగుతోంది. కళ్ళు నులుముకున్నాను. బూడిద నల్లబడింది. నల్లది సన్నటి గీతై, ట్యాంకు వెనక పక్క, మనకు కనపడని వైపు దిగుతోంది. అక్కడి నుంచి చుక్క చుక్కగా ఇసుకలోకి. పడింది పడ్డట్టు మన్ను తాగేస్తోంది. మడుగు ఎక్కడి నుంచి కనపడుతుందే తల్లీ?

చదునులో ఉంటే డీజిల్ ఆ మూత దాకా అందదు. నిండా పట్టించి మూతి కిందికి పెడితే అంతా ముందుకొచ్చి మూతను ముంచేస్తుంది. మట్టం దిగేదాకా కారి ఆగిపోతుంది. తెల్లారేసరికి కారడమూ ఉండదు, డీజిలూ ఉండదు.

మా ఆయన వంగి ఆ చుక్కల కింద చెయ్యి పెట్టాడు. అరచెయ్యి తడిసేదాకా అలాగే ఉన్నాడు. వాసన చూసుకుని, "వాణ్ని నేను పదిమందిలో అడిగినా గదమ్మే" అన్నాడు. అంతే, మళ్ళీ ఆ గట్టు మీదే కూలబడ్డాడు. నాకు సంతోషమూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. తిట్టాలనుకున్నవన్నీ మరిచిపోయాను.

అన్నకు చదివి వినిపించు.

కోమలి


నాయుడుపేట,
మే మొదటి వారం

అక్కా,

చదివి వినిపించాను. ముగ్గుపిండి దగ్గర పెదవి కొంచెం కదిలింది, నవ్వో కాదో తెలియదు. మొత్తం విని, "ఆ మూత కింద రబ్బరు వాషరు పోయుంటాది" అన్నాడు. చొక్కా వేసుకుని గేటు డ్యూటీకి పోయాడు.

నేను అంతకంటే ఎక్కువ అనుకున్నాను. ఎగిరి గంతేస్తాడనుకున్నాను. తిరిగొచ్చినాక అడిగితే చెప్పాడు. "మీ ఇద్దురికి తెలిసినాది, మునిచంద్రకు తెలిసినాది. స్టాండుకు తెలిసిందా? సొంత మనుషులు నన్ను కాపాడేదానికి ముగ్గుపిండి సల్లినారంటారు. కంపెనీవాళ్ళు లీకు మాదే అని ఒప్పుకోని బాగుచేస్తే, అప్పుడు ఎవుడూ నోరెత్తడు" అన్నాడు.

ఆయన చెప్పింది నిజమే. మే నెల మొదలైపోయింది అక్కా. గడువు దాటిపోనివ్వద్దు.

కృప


చిత్తూరు,
మే నెల, గంగజాతర అయిన వారం

కృపా,

కంపెనీవాళ్ళు ఒప్పుకున్నారు. ఒప్పుకునేదాకా నేను అక్కడి నుంచి కదల్లేదు.

మా ఆయనా నేనూ కలిసే పోయాం తిరుపతికి. షోరూములో ధర్మేంద్ర అని ఒక కుర్ర ఇంజనీరు ఉన్నాడు, మర్యాదస్తుడే. లారీని చదునులో నిలిపి టార్చి వేసి చూసి, "లీకేమీ లేదు మేడమ్" అన్నాడు. చదునులో ఉండదు నాయనా, పల్లంలో పెట్టు అన్నాను. వాళ్ళకు లారీలు ఎక్కించే ఏటవాలు ర్యాంపు ఒకటి ఉంది. దాని మీద మూతి కిందికి పెట్టించాను. ఆ పిల్లవాడి కళ్ళ ముందే కారింది.

కారింది కదా, అయిపోయిందనుకుంటే కాదట. "నిండా పట్టించి పల్లంలో నిలిపితే అది వాడకంలో పొరపాటు మేడమ్, వారంటీలోకి రాదు" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "పల్లంలో నిలపకూడని లారీని ఈ జిల్లాలో ఎందుకమ్మారప్పా? భాకరాపేట ఘాటులో ముందు బండి ఆగిపోతే మా లారీ ఎక్కడ నిలవాల? గాల్లోనా?" అన్నాను. కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. మా ఆయన మాత్రం నవ్వలేదు. ముందుకొచ్చి ఆ పిల్లవాడితో, "సార్, మీరు లీకు లేదన్న మాట పట్టుకోని నేను ఒగ మంచి మనిషిని దొంగ అన్నా. వారంటీ ఇస్తే ఇయ్యండి, లేకుంటే లేదు. లీకు యాడిదో మాత్రం ఇప్పి సూపించండి" అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఒకరిని అలా బతిమాలడం నేను చూడలేదు కృపా.

ధర్మేంద్ర లోపలికి పోయి మేనేజరును తీసుకొచ్చాడు. మూత విప్పారు. అన్న చెప్పినట్టే లోపల రబ్బరు వాషరు. అరిగిపోలేదు, తెగిపోలేదు. బిగించినప్పుడే ఒక పక్క మడతపడి అలాగే నలిగిపోయి ఉంది. అంటే బండి తయారైన రోజు నుంచే. మేనేజరు అది చూసి తప్పు కంపెనీదేనని ఒప్పుకున్నాడు. మూతా వాషరూ రెండూ వారంటీలోనే మార్చారు. మళ్ళీ ర్యాంపు మీద పెట్టించి, నేను నా ముగ్గుపిండి చల్లుకుని చూశాకే బయటికి వచ్చాను. ఒక్క చుక్క లేదు.

నేరుగా స్టాండుకు పోయి మా ఆయన ఆ మడతపడిన వాషరు అందరి చేతికీ ఇచ్చి చూపించాడు. తనది తప్పని ఒప్పుకున్నాడు. నీకు రాసిన ఉత్తరాల సంగతి కూడా చెప్పేశాను. "ఇన్ని దినాలు నన్ను ఎర్రినాకొడుకును సేసినావు గదా" అని మాత్రం అన్నాడు. ఒట్టు తీసేశాడు.

వచ్చే వారం నాయుడుపేటకు లోడు వేసుకుని తానే వస్తున్నాడు. దారిలో కాణిపాకంలో దిగి, ఇంకెప్పుడూ రత్నాన్ని అనుమానించనని ప్రమాణం చేసి వస్తానన్నాడు. ఆ పని మాత్రం చెయ్యొద్దు, అన్న దగ్గర అది చెల్లదు అని చెప్పాను. మరి ఏం చెప్పాల అని చిన్నపిల్లవాడిలా నన్ను అడుగుతున్నాడు. నాకూ తెలియదన్నాను.

కోమలి


నాయుడుపేట,
మే నెలాఖరు

అక్కా,

మునిచంద్రన్న వచ్చి పోయాడు. నువ్వు ఫోనులో ఎంత అడిగినా నేను చెప్పలేకపోయాను. ఏడుపొచ్చేస్తోంది, అందుకే రాస్తున్నాను.

నేను గోడౌనుకు అన్నం క్యారియరు తీసుకుపోయి ఉన్నాను. లారీ వచ్చి హారను కొట్టింది. ఈయన అలవాటుగా లేచి గేటు తీశాడు. తీశాక చూశాడు, తాను నడిపిన లారీ. మునిచంద్రన్న లారీని లోపలికి పోనివ్వలేదు, గేటులోనే ఆపి దిగాడు. హమాలీలు, డ్రైవర్లు అందరూ ఉన్నారు. వాళ్ళందరికీ వినబడేట్టు, "నేను తప్పు మాట అన్నా. రత్నం ఒగ సుక్క గూడా తియ్యలేదు. లారీలోనే లోపం ఉండాది" అన్నాడు. తాళంచెవులు ముందుకు చాపాడు. నేను అక్కడే ఏడ్చేశాను.

ఈయన తీసుకోలేదు. "ఒగటి అడుగుతా, సెప్పు మునిచంద్రా" అన్నాడు. అన్నా అనలేదు, పేరు పెట్టి పిలిచాడు. "ఆ వాషరు బాగుండి ఉంటే? లీకు దొరక్కపోయి ఉంటే? అప్పుడు నన్ను నమ్మిందువా?"

నమ్మిందును అని చెప్పు అన్నా, ఆ ఒక్క మాట చెప్పేస్తే అయిపోతుంది అని నేను లోపల మొత్తుకుంటున్నాను. అన్న తల వంచి చేతిలోని తాళంచెవులు చూసుకున్నాడు. తర్వాత తలెత్తి, "నమ్మి ఉండనబ్బా" అన్నాడు.

ఇంక అయిపోయిందనుకున్నాను. ఈయన ఆయన మొహంలోకి చూసి, చెయ్యి చాపి తాళంచెవులు తీసుకున్నాడు. "ఇది నిజం సెప్పినావు. నమ్మిందును అనుంటే గేటు ఏసేసి ఉందును. రా, తిందాం" అన్నాడు. నేను ఒకరికి తెచ్చిన క్యారియరు ఇద్దరూ తిన్నారు.

లారీని ఈయనకే వదిలి అన్న బస్సెక్కి పోయినాక ఇంటికి నడిచి వస్తున్నాం. అదే ప్రశ్న నన్ను కూడా అడుగుతాడని దారంతా భయపడుతూనే ఉన్నాను. అడగలేదు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడు. అడగనందుకే నాకు ఇంకా బరువైపోయింది. నేనే చెప్పేశాను. "లీకు దొరక్కుంటే నాకూ అనుమానం పోయుండదు" అన్నాను.

"తెలుసు" అన్నాడు. "నీ అంతట నువ్వు సెప్తావని కాసుకోని ఉండా."

ఆ గొడవైనప్పటి నుంచి ఆయన నా పక్కన కూర్చుని కడుపునిండా తిన్నది ఈ రాత్రే.

కృప